నాలుగింటికి పోయే సిగ్నల్

సిగ్నల్ పోయిందంటే చాలు, ఆ ఇంట్లో మొదట తిట్లు తినేది పైవాటా ఉమ్ ఔదా. పాపం, ఆవిడ చేసిన నేరమల్లా తన ఇంటర్నెట్‌ని కిందివాటా వాళ్ళతో పంచుకోవడం. రౌటర్ ఆవిడ హాల్లో టీవీ వెనకాల ఉంటుంది. దాని సిగ్నల్ శ్లాబు దాటి విసాల్ వాళ్ళ గదిలోకి దిగుతుంది. అమ్మాన్‌లో, ఆ జబల్ నుజ్హా కొండ మీద ఇళ్ళన్నీ అలాగే కాపరం చేస్తాయి. ఒకరి నీళ్ళ ట్యాంకు ఇంకొకరి నెత్తి మీద, ఒకరి తిరగమోత ఇంకొకరి ముక్కులో.

విసాల్ మొగుడు నజ్మీకి ఈ ఏర్పాటు మీద ఏ కోశానా నమ్మకం లేదు. సాయంత్రం నాలుగింటికి అతని పాఠం మొదలవుతుంది, కాసేపు బాగానే నడుస్తుంది, అంతలో తెర మీద పిల్లల బొమ్మలు నోళ్ళు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే బిగుసుకుపోతాయి. వంటింట్లో కూరు పెట్టడానికి జానెడు లేత గుమ్మడికాయల్లో గుజ్జు తోడుతున్న విసాల్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అవతలి గదిలో నజ్మీ గొంతు ఆగుతుంది. తర్వాత కుర్చీ కిర్రుమంటుంది. ఆ తర్వాత ఉమ్ ఔదాకి, ఆవిడ రౌటర్‌కి, దాన్ని తయారుచేసిన వాడి ఏడు తరాలకి అక్షింతలు పడతాయి.

నజ్మీ హలబ్‌లో కంప్యూటర్లు నేర్పిన మనిషి. సిరియా పటాల్లో అలెప్పో అని రాస్తారు గానీ ఆ ఊళ్ళో పుట్టినవాడెవడూ అలా అనడు. అక్కడి పారిశ్రామిక పాఠశాలలో జుట్టు నెరిసేదాకా పాఠం చెప్పాడు. ఊరంతా 'ఉస్తాద్' అనేది, పెళ్ళాం కూడా అలాగే అనేది, కాకపోతే ఆమె అనడంలో కాస్త వెటకారం ఉండేది. యుద్ధం తరుముకొస్తే ఇద్దరూ సరిహద్దు దాటి జోర్డాన్‌లో అమ్మాన్ చేరారు. చేరి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళూ నజ్మీ చేసిన పనేమిటయ్యా అంటే, కిటికీ పక్క కుర్చీలో కూర్చోవడం. ఒళ్ళో ఆ పాత కంప్యూటర్, పక్కన చల్లారిన కాఫీ. ఇల్లు విసాల్ కుట్టుపనితో గడిచింది.

ఈ ఏడాది ఎండలు తగ్గేవేళకి బేరూత్ నుంచి ఒక చిన్న సంస్థ వాళ్ళు కబురు పెట్టారు. చెల్లాచెదురైన ఊళ్ళ పిల్లలకి ఇంటర్నెట్ మీద లినక్స్ నేర్పాలి, చెప్పగలరా అని. చెప్పగలరా అట! లినక్స్ అనే ఆ వ్యవస్థ ఎవడబ్బ సొమ్మూ కాదని, ఎవడైనా విప్పి చూసుకోవచ్చని, కంపెనీ దయాదాక్షిణ్యాలు అక్కర్లేదని హలబ్ వీధుల్లో మొట్టమొదట గొంతు చించుకున్నవాడే నజ్మీ. కబురొచ్చిన రోజు అతను గడ్డం గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు. విసాల్ ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చి వచ్చింది. సంతోషానికే.

అలాంటిది, ముందుగా పెట్టిన మూడు పాఠాల్లో మూడూ మధ్యలో తెగిపోయాయి. బేరూత్ ఆవిడ మర్యాదస్తురాలు. శనివారం పాఠానికి మా వాళ్ళొకరు కూర్చుని చూస్తారు, ఈసారి కూడా తెగితే మేం వేరే మాస్టర్‌ని చూసుకోక తప్పదు, ఏమీ అనుకోకండి అని చెప్పింది. ఏమీ అనుకోకపోవడమేమిటి, ఆ కుర్చీ మళ్ళీ మనిషిని మింగేస్తుందని విసాల్ గుండెలో రాయి పడింది.

నజ్మీ ఆ వారమంతా చెయ్యని పని లేదు. కరెంటు పొదుపు కోసం వైర్‌లెస్ కార్డు కునుకు తీస్తోందేమోనని దాని నిద్ర మాన్పించాడు. దాన్ని నడిపే డ్రైవర్ తీసేసి పాతది పెట్టాడు, పాతది తీసేసి ఇంకా పాతది పెట్టాడు. బల్లని కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి జరిపించాడు. విసాల్‌ని పైకి తరిమి, రౌటర్ మీద ఉమ్ ఔదా అల్లి కప్పిన లేసుగుడ్డ తీయించాడు. ఉమ్ ఔదా ఏమీ అనుకోలేదు, పైగా ఇది యంత్రం జబ్బు కాదు, దిష్టి అని తేల్చి, రౌటర్ కొమ్ముకి ఒక నీలం పూస కట్టింది. వైరు లాగుదామంటే ఇంటాయన మేకు కొట్టనివ్వడు, కంప్యూటర్‌కి వైరు పెట్టే కన్నం ఎప్పుడో విరిగిపోయింది. ఎవరిదైనా విండోస్ కంప్యూటర్ అరువు తెచ్చుకోమంటే, సారాకొట్టులో కూర్చుని ఉపవాసం గురించి చెప్పమంటావా అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఈ మనిషి అందరినీ అంటున్నాడు గానీ, ఒక సంగతి విసాల్‌కి మొదట్నుంచీ మింగుడు పడటం లేదు. అదే గదిలో, అదే నాలుగింటికి, ఆమె ఫోన్‌కి సిగ్నల్ నిక్షేపంగా ఉంటోంది. హలబ్‌లో ఇతనే పిల్లలకి పదేపదే చెప్పేవాడు: అందరికీ పోతే రౌటర్ తప్పు, ఒక్కడికే పోతే ఆ ఒక్కడి తప్పు అని. ఆమెకి కంప్యూటర్ రాదు, ఆ మాటలు మాత్రం బాగా వచ్చు. ఎందుకు రావు? ఇరవై ఏళ్ళపాటు గురువారం గురువారం అవే విన్నది.

ఆ గురువారాలు తలుచుకుంటే విసాల్‌కి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. హలబ్ జమీలియ్యా పేటలో వాళ్ళ ఇల్లు మూడో అంతస్తు. చీకటి పడకముందే ఒక్కొక్కరూ కంప్యూటర్ డబ్బాలు చంకన పెట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కేవారు. నలుగురితో మొదలైంది, తర్వాత గది సరిపోక వసారాలోకి పాకింది. కొత్త లినక్స్ డిస్క్ ఒకటి ఎవరో బేరూత్ వెళ్ళి తెచ్చేవారు, దాన్ని తెల్లవార్లూ కాపీలు తీసేవారు. సగం ఎక్కించాక కరెంటు పోయేది. అందరూ కలిసి 'హా...' అని ఒక్కసారి నిట్టూర్చేవారు, ఆ నిట్టూర్పు కింద వీధి దాకా వినపడేది. కింద కూరగాయలవాడు పైకి చూసి, ఉస్తాద్ ఇంట్లో మళ్ళీ ఎవరో పోయారు అనేవాడు. విసాల్ కొవ్వొత్తి వెలిగించి, ఎర్రమిరప, వాల్‌నట్లు నూరిన మహమ్మరా గిన్నె మధ్యలో పెట్టేది. చీకట్లో రొట్టెలు చింపుకుని తింటూ, పోయిన కరెంటుని బూతులు తిడుతూ, వాళ్ళు నవ్విన నవ్వులు ఆమె మళ్ళీ ఎక్కడా వినలేదు.

అసలు ఆ పేటలో మొదటి వైర్‌లెస్ కూడా వాళ్ళదే. ఎదురు మేడలో గయాస్ ఉండేవాడు, నజ్మీకి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ రెండు ఆలివ్ నూనె డబ్బాలకి కన్నాలు పెట్టి, డాబాల మీద ఎదురెదురుగా నిలబెట్టి, వీధి మీదుగా సిగ్నల్ పంపారు. బ్రహ్మాండంగా పనిచేసింది, ఎటొచ్చీ పక్క డాబా మీద పావురాలు పెంచే ఒకాయన ఉండేవాడు. ఆయన పావురాలు ఎగిరొచ్చి డబ్బా మీద వాలేవి, డబ్బా తిరిగిపోయేది, ఇంటర్నెట్ పోయేది. నజ్మీ వెళ్ళి అడిగితే నా పావురాలు ఆ వంకకే రావని ఆయన ఒట్టేసేవాడు. పావురాలు పెంచేవాడంటేనే అబద్ధాలకోరని ఆ ఊళ్ళో పేరు. పావురాలవాడి సాక్ష్యం కోర్టులోనే చెల్లదు, మనకెలా చెల్లుతుంది అని గయాస్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇప్పుడు ఆ మేడా లేదు, ఆ డాబాలూ లేవు. పావురాలు ఏమయ్యాయో దేవుడికే తెలియాలి.

గయాస్ మాత్రం ఉన్నాడు. అమ్మాన్ పక్క ఊరు జర్కాలో ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు. శుక్రవారం పొద్దున్నే రమ్మని విసాల్ తనే ఫోన్ చేసింది. నజ్మీకి చెప్పలేదు, చెబితే వద్దంటాడు. శుక్రవారం అంటే హలబ్ వాళ్ళింట్లో మామూనియ్యా ఉండాలి గదా. నేతిలో రవ్వ వేయించి, పాకం పోసి, పైన దాల్చినచెక్క పొడి చల్లి, పక్కన దారాలుగా వలిచిన చీజ్ పెట్టింది. గయాస్ గుమ్మంలోనే వాసన పట్టి, ఈ సిగ్నల్ రోజూ పోతూ ఉండాలి వదినా అన్నాడు. నజ్మీ ముఖం చిట్లించుకున్నాడు గానీ కుర్చీ ఖాళీ చేశాడు.

తిన్నాక గయాస్ చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నజ్మీ వెనకాల నిలబడి, అది చూశాను, ఇది మార్చాను, అది కాదు అని ప్రతిదానికీ అడ్డం పడుతున్నాడు. గయాస్ పట్టించుకోకుండా లాగ్ తెరిచాడు. కంప్యూటర్ తనకి జరిగిన మంచీచెడూ వరసగా రాసుకుపోయే చోటు అది. కాసేపు పైకీ కిందికీ జరిపాడు. ఒకచోట ఆగాడు. ఆగి, నజ్మీ వంక చూశాడు. నజ్మీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

గయాస్ మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చాడు. గ్లాసు చేతిలో పట్టుకున్నాడు, తాగలేదు. గొంతు తగ్గించి విషయం చెప్పాడు. గాలిలో ఏయే దారులు వాడుకోవచ్చో ఒక్కో దేశానికి ఒక్కో నియమం ఉంటుందట. అందుకని ఈ కంప్యూటర్ లేస్తూనే, నేను ఏ దేశంలో ఉన్నాను అని తన సెట్టింగుల్లో చూసుకుంటుంది. ఆ దేశానికి ఏ దారులు రాసి ఉంటే అవే వింటుంది, మిగతా వాటికి చెవిటిదే. ఉమ్ ఔదా రౌటర్‌కి కింది దారీ ఉంది, పై దారీ ఉంది. మధ్యాహ్నం దాకా కింది దారి ఖాళీ. నాలుగింటికి బడి పిల్లలూ ఆఫీసు వాళ్ళూ ఇళ్ళకి చేరి, మేడ మేడంతా రద్దీ అయిపోయేసరికి, రౌటర్ అందరినీ పై దారికి ఎక్కిస్తుంది. అందరి ఫోన్లూ ఎక్కుతాయి. ఈ కంప్యూటర్ ఒక్కటి ఎక్కదు. దీనికి రాసిపెట్టిన దేశానికి, ఇందులో ఉన్న పాత పట్టికలో పై దారి లేదు.

"ఏ దేశం రాసి ఉంది?" అంది విసాల్. అడుగుతూనే ఆమెకి తెలిసిపోయింది.

"సిరియా," అన్నాడు గయాస్.

ఆమె సింకు అంచు పట్టుకుంది. పాతది కదా, అక్కడ రాసిందే అలా ఉండిపోయిందేమో అంది. గయాస్ తల అడ్డంగా ఊపాడు. ఇక్కడికొచ్చాక నజ్మీ దీన్ని రెండుసార్లు మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాడు, రెండుసార్లూ అది దేశమేదని అడిగింది, రెండుసార్లూ వీడే రాశాడు.

"వాడికి తెలియక కాదు వదినా. లాగ్‌లో మొదటి పేజీలోనే ఉంది. మాకు లాగ్ చదవడం నేర్పిందే వాడు."

ఆ మాట అని, సిగరెట్లు అయిపోయాయి, కిందికెళ్ళొస్తానని గయాస్ చెప్పులేసుకున్నాడు. జేబులో కొత్త పెట్టె ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉంది. మంచివాడు.

విసాల్ చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్ళింది. నజ్మీ తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. గయాస్ ఆపిన చోటే తెర ఆగి ఉంది. వారం రోజులుగా ఉమ్ ఔదాని, రౌటర్‌ని, లోకాన్నంతా తిట్టిపోసిన మనిషి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాగి, ఇప్పుడు దొరికిపోయి కూర్చున్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. మండిన మంట అంతలోనే చల్లారింది, ఎందుకంటే అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. పెళ్ళిచూపులనాడు కూడా ఇలాగే ఎర్రబడ్డాయి.

ఆమె అడగకుండానే నజ్మీ చెప్పడం మొదలెట్టాడు. ఈ ఊరొచ్చాక ఎక్కడ అడిగితే అక్కడ అమ్మాన్ అని రాశానన్నాడు. ఇంటి కాగితాల మీద రాశాను, ఆస్పత్రిలో రాశాను, సిమ్ కార్డు వాడికి కూడా రాశాను. కానీ ఈ పెట్టె అడిగినప్పుడు వేళ్ళు కదల్లేదు.

"ఎవరూ చూడని చోటు కదా విసాల్. ఒక్కచోటైనా మన ఊళ్ళో ఉందామనుకున్నా. ఎవరికి నష్టం అనుకున్నా."

విసాల్ మంచం అంచున కూర్చుంది. ఆ కోపం నిలిచి ఉంటే తేలికయ్యేది. మొదటి చలికాలం గుర్తొచ్చింది, గ్యాస్ బండ కోసం ఎవరి తలుపు కొట్టాలో తెలియక మంచులో మెట్ల మీద నిలబడ్డ రోజు. ఏ బస్సు ఎక్కడికి పోతుందో తెలియక ఊరి చివర దిగిపోయిన రోజు. ఇక్కడి యాస రాక దుకాణాల్లో నవ్వులపాలైన రోజులు. వాటిలో ఏ రోజూ ఇతను పక్కన లేడు. ఇంట్లోనే ఉన్నాడు, కానీ లేడు. ఇన్నాళ్ళూ అది దిగులు అనుకుంది, వయసు అనుకుంది. ఆఖరికి తన కర్మ అనుకుంది.

"మీకు హలబ్ అంటే ప్రాణం, నాకు కాదా?" అంది చివరికి. "నాక్కూడా అక్కడే ఉండిపోవాలని ఉండదా? మీరు ఆ పెట్టెలో మన ఊళ్ళోనే ఉన్నారు, బాగుంది. మరి నేను? ఆరేళ్ళ నుంచీ ఈ అమ్మాన్‌లో నేనొక్కదాన్నే ఉంటున్నా, నజ్మీ."

పెళ్ళైనప్పటి నుంచీ ఆమె అతన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. నజ్మీ తల తిప్పి ఆమె వంక చూశాడు. ఎప్పుడో పోగొట్టుకున్న మనిషిని రైలు స్టేషన్లో చూసినట్టు చూశాడు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగాడు.

టైపు చేసింది ఒక్కటే వరస. చివర సిరియాకి రెండక్షరాల గుర్తు ఉండేచోట జోర్డాన్ గుర్తు పెట్టాలి, అంతే. ఆ రెండక్షరాలకి అతనికి పట్టినంత సేపు, పిండి కలిపి రొట్టెలు కాల్చడానికి కూడా పట్టదు. విసాల్ తొందర పెట్టలేదు. చివరికి మీట నొక్కాడు. నొక్కి, ఏదో జరుగుతుందన్నట్టు తెర వంక చూస్తూ ఉండిపోయాడు. లినక్స్ పద్ధతి వేరు, పని చెడితే పదిమందికీ వినపడేలా అరుస్తుంది, పని జరిగితే కిమ్మనదు. నిజంగానేనా అని కూడా అడగలేదు. కింద ఖాళీ వరస ఒకటి వచ్చి, ఇంకేమిటి సంగతి అన్నట్టు గుర్తు మిణుకుమిణుకుమంది. నజ్మీ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. విసాల్ లేచి వెళ్ళి అతని తల తన పొట్టకి ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు, దాచుకోవడానికి ఏముంది. అంతలో గయాస్ మెట్లెక్కుతూ అవసరం లేనంత గట్టిగా దగ్గాడు.

శనివారం నాలుగైంది. తెర మీదికి పిల్లలొచ్చారు, పాఠం చూడ్డానికి బేరూత్ మనిషీ వచ్చింది. పైన ఉమ్ ఔదా ఇంట్లో మనవలు టీవీ పెట్టారు, మేడంతా రద్దీ మొదలైంది. విసాల్ వంటింట్లో కత్తి పట్టుకుని ఒక్క ఉల్లిపాయా తరగకుండా నిలబడి వింది. నజ్మీ గొంతు నడుస్తోంది. మొదట్లో తడబడుతోంది, తర్వాత పాత దారిలో పడింది, అందరికీ పోతే ఎవరి తప్పు, ఒక్కడికే పోతే ఎవరి తప్పు అనే దాకా వెళ్ళింది. ఎవరో పిల్ల నవ్వింది. పాఠం ఆగలేదు. బేరూత్ ఆవిడ మంగళవారం నుంచి మొదలుపెడదామని చెప్పేదాకా ఎక్కడా ఆగలేదు.

గదిలోంచి అతను బయటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. భుజాల మీద చొక్కా చెమటకి తడిసి ఉంది. విసాల్ అభినందనగా ఏదో అనబోతే, అతను తలుపుకి వేలాడుతున్న ఆమె చేతి సంచి వంక చూస్తూ అడిగాడు.

"రొట్టె ఎక్కడ తెస్తావు రోజూ?"

కింద, ఈ కొండ మెట్ల చివర అంది ఆమె. పద, నేనూ వస్తానన్నాడు.

ఇద్దరూ మెట్లు దిగారు. ఆమె ఎక్కడ మెట్టు విరిగిందో, ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో చెబుతూ ముందు నడిచింది. అతను కొత్త పెళ్ళికొడుకులా ఇటూ అటూ చూస్తూ వెనక నడిచాడు. ఫార్మసీ అమ్మాయి ఆమెని పలకరించింది. పూదీనా అమ్మే ముసలావిడ ఆమెకి ఒక కట్ట ఊరికే ఇచ్చింది. ఈ ఊళ్ళో తన పెళ్ళాన్ని ఇంతమంది ఎరుగుదురని నజ్మీకి అప్పుడే తెలిసింది.

రొట్టెల కొట్టు అబూ ఔన్‌ది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. పొయ్యిలోంచి రొట్టెలు తీస్తూనే, హలబ్ అక్కా, ఇవాళ ఆలస్యమైందే అని కేకేశాడు. తర్వాత ఆమె పక్కన నిలబడ్డ మనిషిని చూసి ఎవరన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. మా ఆయన అంది విసాల్.

అబూ ఔన్ చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేశాడు. ఒకసారి ఆమె వంక, ఒకసారి అతని వంక చూశాడు.

"మీ ఆయనా? ఇన్నేళ్ళూ ఒక్కదానివే వస్తుంటే, మీ ఆయన హలబ్‌లోనే ఉండిపోయాడనుకున్నానమ్మా. అడిగితే బాధపడతావని అడగలేదు."

నజ్మీ ముందుకొచ్చి విసాల్ చేతిలోంచి సంచి తీసుకున్నాడు. వేడి రొట్టెలు ఒక్కొక్కటే అందులో సర్దుకున్నాడు. సర్దుకుని తలెత్తాడు.

"నిజమే, ఉండిపోయాను," అన్నాడు. "నిన్ననే వచ్చాను."